పొగ త్రాగువారు – ఔషధ సేవనము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ఉపన్యాసపు పాఠము)

  

గ్రంథాలయోత్సవములలో భారత భాగవతములను గూర్చియో, మహాపురుషుల చరిత్రలను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. చుట్టలను గూర్చియు, మందుబిళ్లలను గూర్చియు ముచ్చటించుట కొందరికి వింతగా తోపవచ్చును. అయినను గ్రంథాలయము వెలసినది అక్షరముచే బ్రదుకును బాగుచేయుటకే గదా! నేడు మర్రిపాడులోను, చుట్టుప్రక్కల పల్లెలలోను పుస్తకము లేని యిండ్లు గలవు గాని మందుల అట్ట లేని యిండ్లు అరుదు. ఆ అట్టల మీది సన్నని అక్షరములను చదువగలవారు మాత్రము కొద్దిమందియే. చదువనేరకయే మింగుచున్నారు. మింగిన పిమ్మట అరుగు మీద కూర్చుండి చుట్ట ముట్టించుచున్నారు. ఈ రెండు పనులకును నడుమ గల సంబంధమెట్టిదో విచారించుటయే నేటి విషయము.

పూర్వము పల్లెలలో మృత్యువనగా మశూచి, కలరా, ప్లేగు మున్నగు మహమ్మారులే. అవి వచ్చిన వేగముననే మనుష్యుని గొనిపోయెడివి, లేదా విడిచి పోయెడివి. మశూచి భూమండలమునుండి తొలగిపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేడు పల్లెను పట్టియున్నవి వేరు జాతి రోగములు. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము, ఆయాసము – ఇవి వచ్చి పోవునవి కావు, వచ్చి కాపురముండునవి. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనులలో, 2004 అక్టోబరు వరకు ఒక యేడాది కాలమున సంభవించిన 1,354 మరణములకు కారణములను ఇంటింట విచారించి 2006లో ప్రకటించిరి. వానిలో దాదాపు మూడవవంతు గుండెకును, రక్తనాళములకును సంబంధించిన వ్యాధుల వలననే కలిగినవి. అంటువ్యాధులు ఎంతయో వెనుకబడినవి. పట్టణవాసుల రోగములని పల్లెవారు తలచినవి పల్లెల యందే తిష్ఠ వేసినవని ఆ లెక్క చాటినది. అచ్చటనే జరిగిన తరువాతి పరిశీలనలో మరియొక సంగతి తేలినది. గుండెజబ్బు కలదని తెలిసినవారిలో సైతము, వాడవలసిన మందులన్నింటిని వాడువారు కొద్దిమందియే.

ఇంకొక చిక్కు గలదు. ఈ రోగములు ఒంటరిగా రావు. రక్తపుపోటు గలవానికి మధుమేహము తోడగును. మధుమేహికి గుండెనొప్పి తోడగును. ఒక్కొక్కనికి మూడు నాలుగు రోగములు, ఆరేడు మాత్రలు. ఇట్టి బహురోగి పొగ త్రాగువాడు కూడ అయినచో మందు కథ మారిపోవును. ఎట్లు మారునో తెలియుటకు ముందు పొగాకు ఈ దేశమునకు వచ్చిన విధము స్మరింపదగియున్నది.

పొగాకు ఈ దేశపు ఓషధి కాదు. అది అమెరికా ఖండమున పుట్టినది. ఐరోపాలో అది తొలుత ఔషధముగానే పేరొందినది. 1560 ప్రాంతమున పోర్చుగలులో ఫ్రెంచి రాయబారిగా నున్న జాన్ నికో అనునాతడు దానిని తలనొప్పికి మందుగా తన రాణికి పంపెను. నికోటిన్ అను పేరు ఆతని పేరునుండియే పుట్టినది. పోర్చుగీసు నావలలో అది దక్షిణాపథమునకు వచ్చినది. 1604 ప్రాంతమున అసద్ బేగ్ అను ఉద్యోగి బిజాపూరునుండి దానిని అక్బరు పాదుషా కొలువునకు గొనిపోయెను. పాదుషా ఒకటి రెండు దమ్ములు పీల్చునంతలో ఆస్థాన వైద్యుడు అడ్డుపడి, గుణదోషములు తెలియని మందును సేవింపరాదని చెప్పెనట! జహంగీరు 1617లో పొగ త్రాగుటను నిషేధించెను గాని ఆ ఆజ్ఞ నిలువలేదు. మందుగా ప్రవేశించిన వస్తువే నేడు మందులను చెరచు వస్తువైనది.

కొందరు పండితంమన్యులు చరకుడే ధూమపానమును విధించినాడని వాదింతురు. చరక సంహిత సూత్రస్థానమున ధూమపాన విధి కలదనుట నిజమే. కాని అందు చెప్పబడినది సుగంధ ద్రవ్యములతోను, ఓషధులతోను చేసిన వర్తి. అది కొన్ని వ్యాధులకు కాలనియమముతో, మితముగా చెప్పబడిన చికిత్స. చరకుని కాలమున పొగాకు ఈ దేశమున లేనేలేదు. లేనిదానిని ఆతడెట్లు విధించును? ఇక గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము పొగచుట్టను పొగడుట చూపి, అదియొక శాస్త్రప్రమాణమైనట్లు నవ్వుచు చెప్పువారు గలరు. ఆ నాటకమున గురువువలన శిష్యుడు నేర్చినది చుట్టకాల్చుట ఒక్కటియే యని కవి యెత్తిపొడిచిన సంగతిని వారు మరతురు.

ఈ సీమకు పొగాకుతో గల సంబంధము వేరు. ఇచ్చట అది వ్యసనము మాత్రమే కాదు, జీవనము కూడ. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రముగా ఏర్పడినది. మర్రిపాడు మండలమందలి డి.సి.పల్లిలో పొగాకు వేలము జరుగును. బ్యారన్లలో ఆకును పండించి బేళ్లు కట్టి వేలమునకు తోలు రైతులు ఎందరో కలరు. ఆ పైకముతో పిల్లల చదువులు సాగినవి, ఆడుబిడ్డల పెండ్లిండ్లు జరిగినవి. కనుక ఇచ్చట పొగాకును తిట్టుట సుకరము కాదు. తిట్టుట ఈ ప్రసంగమునకు ఉద్దేశమును గాదు. పంట వేరు, త్రాగుట వేరు. గానుగ ఆడించువాడు నూనె త్రాగడు గదా! అమ్మిన ఆకు వలన వచ్చిన ధనము, త్రాగిన ఆకు వలన ఆసుపత్రికి పోకుండ చూచుకొనవలయుననుటయే ఇందలి సారము.

ఒక బహురోగిని ఊహింతము గాక. వయస్సు అరువదిరెండు. ఉదయము రక్తపుపోటునకు ఆమ్లోడిపిన్, రెండు పూటల మధుమేహమునకు మెట్‌ఫార్మిన్, గుండెకు ఆస్పిరిన్, రాత్రి కొవ్వునకు అటోర్వాస్టాటిన్, ఆయాసమునకు థియోఫిలిన్. వీనితోపాటు దినమునకు పది చుట్టలు. సంవత్సరమునకు 3,650 చుట్టలు. ఆయాసము ఎక్కువైనప్పుడు మాత్రలను లెక్కించి, “ఇన్ని మింగుచున్నను గుణము లేదే!” అని వైద్యుని నిందించును. చుట్టలను మాత్రము లెక్కింపడు. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా ఎట్టిదో ఈ లెక్కయు అట్టిదే.

పొగ మందును చెరచు విధములు ప్రధానముగా మూడు. మొదటిది, మందు పనికి ఎదురు పనిచేయుట. నికోటిన్ రక్తమున చేరినంతనే నాడి వేగించును, రక్తనాళములు ముడుచుకొనును, పోటు పెరుగును. రక్తనాళములను సడలించుటకు మాత్ర వేసికొని, వానిని బిగించుటకు చుట్ట ముట్టించుట, ఒకే బండికి ముందొక యెద్దును, వెనుకనొక యెద్దును కట్టినట్లగును. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన బలముతో రక్తమును అంటుకొనును. గుండెకు ప్రాణవాయువు చాలక నొప్పి వచ్చువానికి అది ఎంత అపకారియో చెప్పనక్కరలేదు.

రెండవది, మందు త్వరగా కరగిపోవుట. మింగిన మందును పని ముగిసిన పిదప విరిచి వెలుపలికి పంపు బాధ్యత కాలేయమునది. ఆ పనికి అందు ఎంజైములనెడి పనివాండ్రు గలరు. పొగలోని తారు పదార్థములు ఆ పనివాండ్రలో ఒక తెగను మితిమీరి పెంచును. అంతట మందు తన పని చేయకమునుపే విరిగిపోవును. థియోఫిలిన్ దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. పల్లెలలో డెరిఫిలిన్ అని పిలుచు మాత్రలో నున్నదియు ఈ జాతి మందే. పొగ త్రాగనివాని శరీరమున ఆ మందు నిలుచు కాలములో దాదాపు సగము కాలమే త్రాగువాని శరీరమున నిలుచును. మనోవ్యాధులకు వాడు క్లోజపిన్, ఓలాంజపిన్ అను మందులకును ఇదే గతి. ఇచ్చట ఒక విశేషము గమనింపదగును. ఈ పని చేయునది కాలిన పొగయే గాని నికోటిన్ కాదు. కనుక ఆకు నమలువానికి ఈ దోషము కలుగదు. అంతమాత్రమున నమలుట మేలని కాదు. నోటి క్యాన్సరు అచ్చట కాచుకొనియే యున్నది.

మూడవది, మందు చేరవలసిన చోటికి చేరకుండుట. ఇన్సులిన్ సూదిమందును చర్మము క్రింద ఎక్కింతురు. పొగచే చర్మములోని సన్న నాళములు ముడుచుకొన్నచో ఆ మందు రక్తమునకు ఆలస్యముగా చేరును. అదియుగాక పొగ త్రాగువాని దేహము ఇన్సులినునకు సరిగా లొంగదు. పొగ త్రాగువారికి మధుమేహము వచ్చు అవకాశమే ఇతరులకంటె 30 నుండి 40 శాతము ఎక్కువయని అమెరికా ప్రభుత్వ వైద్యాధికారుల 2014 నివేదిక తెల్పినది. ఉబ్బసమునకు పీల్చు స్టీరాయిడ్ మందు సైతము పొగ త్రాగువారికి ఇతరులకిచ్చినంత ఫలము నీయదు.

ఇవి ఊహలు కావు. బ్రిటనులో 17,354 మంది రక్తపుపోటు గలవారిపై జరిగిన పరిశీలన 1985లో ప్రకటితమైనది. అందు ప్రొప్రనొలాల్ అను మందు పొగ త్రాగనివారిలో పక్షవాతమును తగ్గించినది, త్రాగువారిలో తగ్గింపలేదు. ఒకే మందు, ఒకే వ్యాధి, భేదమెల్ల పొగలోనే. మరియొక పరిశీలన అమెరికా, కెనడా దేశములలో 5,887 మంది పొగత్రాగువారిపై అయిదేండ్లు సాగి 1994లో వెల్లడియైనది. కొందరికి శ్వాసనాళములను విప్పు మందును పీల్పించిరి. పొగ మాన్పించు యత్నమును జరిపిరి. ఆ మందు వాడినంతకాలము కొంత హాయి నిచ్చినది గాని, ఊపిరితిత్తుల బలము ఏటేట తరుగుటను ఆపలేదు. పొగ మానినవారిలో మాత్రము ఆ తరుగుదల నెమ్మదించినది. ఇరువదేండ్లు ఆయాసపు మందు వాడి చుట్ట మానని వానికంటె, చుట్ట మానిన వానికే ఊపిరి మిగులునని దీని తాత్పర్యము.

“సిగరెట్టు పట్నవాసపు విషము, చుట్ట, బీడీ ఈ నేల ఆకులు, వానికి దోషము లేదు” అను మాట రచ్చబండలపై వినబడును. విశాఖ, శ్రీకాకుళ తీరములందు చుట్ట నిప్పును నోటి లోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటి క్యాన్సరు వచ్చుటను వైద్యులు 1940లనుండి గుర్తించిరి. 1957లో రెడ్డి, రావు అను వైద్యులు దానిని వివరముగా ప్రకటించిరి. 2008లో వెలువడిన అఖిల భారత పరిశీలన ప్రకారము బీడీ త్రాగు పురుషులు సుమారు ఆరేండ్లును, బీడీ త్రాగు స్త్రీలు సుమారు ఎనిమిదేండ్లును, సిగరెట్టు త్రాగు పురుషులు సుమారు పదేండ్లును ఆయుర్దాయమును కోల్పోవుచున్నారు. నెల్లూరునకు పొరుగున గల తమిళనాట చెన్నపట్టణములోను, విళుప్పురము ప్రాంతపు పల్లెలలోను గావించి 2003లో ప్రకటించిన పరిశీలనలో పొగ త్రాగు పురుషులు క్షయచే మరణించుట ఇతరులకంటె నాలుగు రెట్లని తేలినది. క్షయకు ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుచున్నది. ఆ మందును మింగుచు బీడీ కాల్చువాడు ఉచితముగా వచ్చినదానిని వెలపెట్టి పాడుచేసికొనుచున్నాడు.

ఇక అత్యంత ముఖ్యమైన సంగతి. పొగ త్రాగుట మందును చెరచునట్లే, పొగ మానుటయు మందు లెక్కను మార్చును. ఇది చాలమందికి తెలియదు. ఆయాసము గలవాడు ఆసుపత్రిలో చేరెననుకొందము. అచ్చట చుట్ట దొరకదు. ఒకటి రెండు వారములలో కాలేయమందు పెరిగిన పనివాండ్రు తగ్గిపోదురు. వెనుకటి మోతాదులోనే థియోఫిలిన్ మింగుచున్నచో అది రక్తమున మించిపోవును. వాంతులు, చేతుల వణుకు, గుండెదడ, నిద్రలేమి కలుగును. మితిమీరినచో మూర్ఛలు రావచ్చును. ఇన్సులిన్ వాడువాడు పొగ మానినచో మందు చక్కగా పట్టి చక్కెర పడిపోవచ్చును. చెమటలు పట్టి కన్నులు తిరుగవచ్చును. టీ, కాఫీలలోని కెఫీన్ సైతము దేహమున ఎక్కువకాలము నిలుచును గనుక, మానిన దినములలో కాఫీని సగమునకు తగ్గించుట మంచిది. కారణమెరుగనివారు ఈ లక్షణములను చూచి, “చుట్ట మానినందువల్లనే ప్రాణము మీదికి వచ్చింది, నలభై ఏండ్ల అలవాటు మానకూడదు” అని మరల అగ్గిపెట్టె చేతికిత్తురు. దోషము మానుటలో లేదు. మానిన సంగతిని వైద్యునికి తెలుపకుండుటలో నున్నది. తెలిపినచో ఆయన మోతాదు తగ్గించును. తక్కువ మందుతో ఎక్కువ గుణము కలుగును. అనగా చుట్ట ఖర్చును, మందు ఖర్చును రెండును తగ్గును.

దీనిని బట్టి రోగి ధర్మమేదియో తెలియుచున్నది. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో జ్ఞాపకశక్తియు, చెప్పినట్లు నడచుటయు, ధైర్యమును, తన వ్యాధిని ఉన్నదున్నట్లు తెలుపగల నేర్పును చేర్చెను. రెండువేల యేండ్లనాటి ఈ మాట నేటికిని చెల్లును. కాని ఆసుపత్రిలో జరుగునదేమి?

“చుట్ట తాగుతావా పెద్దాయనా?” అని వైద్యుడు అడుగును.

“లేదయ్యా, ఎప్పుడన్నా ఒకటీ అరా” అని యుత్తరము. ఆ మాట చెప్పునప్పుడు జేబులో నాలుగు చుట్టలుండును. ప్రక్కన నిలిచియున్న ఇల్లాలు తల వంచుకొనును. వైద్యుడు ఆ మాటను నమ్మి మోతాదు నిర్ణయించును. గుణము కనబడదు. మరుసటి నెలలో మోతాదు పెంచును, లేదా మరియొక మందును చేర్చును. ఒక అబద్ధమునకు రెండు మాత్రలు తోడైనవి. న్యాయస్థానమున అబద్ధమాడిన దోషము ఎదుటివానిని తాకును. వైద్యుని యొద్ద ఆడినది ఆడినవానినే తాకును. సిగ్గుపడనేల? పది త్రాగువాడు పది యని చెప్పవలయును. మానినవాడు మానిన తేదీని చెప్పవలయును. మరల మొదలిడినవాడు ఆ మాటయు చెప్పవలయును.

ఇచ్చట పరిచారకుని పాదమును గూర్చియు ఒక మాట. పల్లెలలో పరిచారకుడనగా భార్యయో, కోడలో. మాత్రలు వేళకందించునది ఆమెయే. ఆసుపత్రిలో నిజము చెప్పుటకు ఆమెకు అనుమతి నొసగుట పురుషుని గౌరవమునకు లోపము కాదు. పరువు కొరకు ఆమెను నోరు మూయించి, పిమ్మట పక్షవాతముతో మంచము పట్టి, అదే ఆమెచే పదేండ్లు సేవ చేయించుకొనుట ఏమి న్యాయము?

మరికొన్ని దురభ్యాసములు గలవు. ఒంట్లో బాగున్నదని రక్తపుపోటు మాత్రను మానుట ఒకటి. బాగుండుట ఆ మాత్ర ఫలమే యని యెరుగరు. పైకము చాలదని మాత్రను విరిచి సగము వేసికొనుట రెండవది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పోటునకును, మధుమేహమునకును మాత్రలు ఉచితముగా లభించుచుండగా విరుచుకొననేల? పొరుగువానికి గుణమిచ్చినదని ఆతని మాత్రను తెచ్చుకొనుట మూడవది. చుట్ట మానినాను గదా, ఇక మందులెందుకని అన్నింటిని ఒక్కసారిగా మానివేయుట నాలుగవది, ఇది ఘోరము. చుట్ట మానుట మందునకు బలమిచ్చును గాని మందునకు బదులు కాదు. ఏ మాత్ర తగ్గవలయునో, ఏది సాగవలయునో వైద్యుడే చెప్పవలయును. పచ్చి పొగాకు కోతకు పోవు గుండెజబ్బువారు కూడ జాగరూకులై యుండవలయును. మంచుతో తడిసిన ఆకునుండి నికోటిన్ చర్మము గుండ దేహమున చేరి వాంతులను, తలతిరుగుటను కలిగించును. చేతులను, ఒడలిని కప్పుకొని, ఆకు ఆరిన పిదప కోయుట మేలు.

“అరువది దాటినవి; ఇప్పుడు మానిన నేమి, మానకున్న నేమి?” అని నిస్పృహ చెందువారికి ఒక లెక్క చెప్పవలసియున్నది. బ్రిటనులో డాల్, హిల్ అను పండితులు 1951లో వైద్యుల పొగ అలవాట్లను నమోదు చేయ నారంభించిరి. ఆ పరిశీలన యాబదేండ్లు సాగి 2004లో దాని ఫలితములు వెలువడినవి. జీవితాంతము పొగ త్రాగినవారు త్రాగనివారికంటె సగటున పదేండ్లు ముందుగా మరణించిరి. ముప్పదవ యేట మానినవారికి ఆ పదేండ్లును దాదాపు మిగిలినవి. నలుబదవ యేట మానినవారికి తొమ్మిది, యాబదవ యేట మానినవారికి ఆరు, అరువదవ యేట మానినవారికి మూడు సంవత్సరములు మిగిలినవి. మూడేండ్లనగా స్వల్పమా? మనుమరాలి పెండ్లి చూచుటకు ఆ మూడేండ్లే చాలవచ్చును. మానిన ఇరువది నిమిషములకే నాడి వేగము తగ్గును. ఒక దినమున విషవాయువు రక్తమును విడుచును. ఒక సంవత్సరమున గుండెజబ్బు విషయమున పొగ వలన కలిగిన అదనపు భయము సగమునకు దిగును. ఏ శిస్తు బకాయికిని సర్కారు ఇంత ఉదారముగా మాఫీ నీయదు.

మానుట సులభమని ఎవ్వరును చెప్పజాలరు. నికోటిన్ మెదడును బంధించు ద్రవ్యము. మానిన తొలి వారములలో కోపము, చిరాకు, ఆకలి, నిద్రలేమి, మలబద్ధము కలుగును. చుట్ట లేనిదే విరేచనము కాదనుకొనువారు ఎక్కువ నీరును, ఆకుకూరలను వాడినచో ఆ చిక్కు క్రమముగా తీరును. కొందరికి కొన్నాళ్లు దగ్గు హెచ్చును. అది పేరుకొన్న కల్మషము వెడలుటయే గాని క్రొత్త రోగము గాదు. నెత్తురు పడినను, దగ్గు వారముల తరబడి విడువకున్నను వైద్యునికి చూపవలయును. మానుటకును మందులు గలవు. నికోటిన్ జిగురు బిళ్లలను, పట్టీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోను, బుప్రోపియాన్, వారెనిక్లిన్ అను మాత్రలను 2021లోను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. బహురోగులు వీనిని వైద్యుని సలహాపైననే వాడవలయును. ఫోనుపై ఉచితముగా సలహా చెప్పుటకు భారత ప్రభుత్వము 2016లో నెలకొల్పిన సహాయ సంఖ్య 1800-11-2356. ప్రయత్నించి ఒకసారి తప్పినవాడు ఓడినవాడు కాడు. మానినవారిలో పెక్కురు పలుమారులు తప్పి లేచినవారే.

దేశమున పరిస్థితి నిరాశాజనకము గాదు. 2009–10లో పొగ త్రాగువారు వయోజనులలో 14 శాతము. 2016–17 నాటికి 10.7 శాతము. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగ స్థలములలో పొగ త్రాగుట దేశమెల్లెడల నిషిద్ధము. ఈ గ్రంథాలయపు వరండాయు బహిరంగ స్థలమే యని పత్రిక చదువవచ్చు పెద్దలు గుర్తింతురు గాక!

తుదకు గ్రంథాలయము చేయదగిన పని. చదువుకొన్న యువకులు వారమున కొక సాయంకాలము ఒక బల్లపై కూర్చుండిరేని, పెద్దలు తమ మందుల అట్టలను, చీటీలను తెచ్చుకొందురు. ఒక్కొక్కరికి ఒక చిన్న పుస్తకము. అందు తెలుగున ప్రతి మందు పేరు, అది ఏ రోగమునకో, ఏ పూటకో, తినకముందో తిన్న తరువాతనో, వైద్యుని చీటీలో ఉన్నది ఉన్నట్లు వ్రాయవలయును. కడపటి వరుసలో దినమునకు ఎన్ని చుట్టలు, ఎన్ని బీడీలు. మానినచో ఏ తేదీన. ఇందు యువకులు తమ సొంత వైద్యము చొప్పింపరాదు; ఒక మాత్ర పెంచుమనియు, ఒకటి మానుమనియు చెప్పరాదు. వ్రాయుట వరకే వారి పని. ఆ పుస్తకమును మర్రిపాడులోనైనను, ఆత్మకూరులోనైనను, నెల్లూరులోనైనను వైద్యుని ముందుంచినచో, నోట చెప్ప సిగ్గుపడిన నిజమును అక్షరము చెప్పును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను గ్రామమునకు చదివించినది. ఇక గ్రామము తన ఆరోగ్యమును తానే వ్రాసికొను పుస్తకమును చేతబట్టవలయును.

ఔషధము గొప్పదే. దానిని చేసిన పండితుల శ్రమ గొప్పది. దానిని కొనుటకు రైతు కార్చిన చెమట గొప్పది. అట్టి మందు పొగలో కలిసిపోకుండ కాపాడుకొనుట రోగి చేతిలోని పని. పెద్దలు నూరేండ్లు చల్లగా నుండి, ఈ గ్రంథాలయ స్వర్ణోత్సవమున ముందు వరుసలో కూర్చుందురు గాక!

స్వస్తి.